ఎర్సిలియా నిలబడే చోటు

ఎవరిస్తో కాంతలూపీ తండ్రి కొండపల్లెలో శవయాత్రల ముందు బాకా ఊదేవాడు. కొడుకు రోముకొచ్చి దయ్యాల సినిమాలకు బాకాలు ఊదించాడు. పెద్ద తేడా ఏం లేదు. మొదట్లో నాటకాల కంపెనీలో పియానో వాయించాడు. ఎర్సిలియా అక్కడే దొరికింది, ముందు పాటగత్తెగా, తర్వాత పెళ్లాంగా.

అతను నలభై మూడు సినిమాలకు సంగీతం చేశాడు. వాటిలో మాటల్లేకుండా గాల్లో తేలుతూ, విన్నవాళ్లకు వెన్ను జలదరించే ఆడగొంతు ఒకటి ఉంటుంది. అది ఎర్సిలియాదే. తెర మీద మాత్రం ఆమె పేరు ఒక్కసారీ పడలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా!

"ఒక్క సినిమాకైనా నా పేరు వేయించవయ్యా," అనేది ఆమె, పొయ్యి మీద టమాటాలు కలుపుతూ.

"వచ్చే సినిమాకి తప్పకుండా వేయిస్తా," అనేవాడు ఆ మహానుభావుడు.

ఆమె ఒక చిన్న నిట్టూర్పు విడిచి మళ్లీ గరిటె తిప్పేది. ఇరవై రెండేళ్లు ఇదే తంతు. ఆ తర్వాత ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది.

నాలుగు నెలలకు ఇంకో దయ్యాల సినిమా వచ్చింది. పాడడానికి ఫియొరెల్లా అనే కొత్తమ్మాయిని పెట్టారు. చర్చి కింద ఉన్న రికార్డింగు హాల్లో ఆమెను కుడివైపు నిలబెట్టారు. ఎర్సిలియా ఎప్పుడూ ఎడమవైపు, చలి కాచుకునే ఇనప పొయ్యి పక్కన నిలబడేది. అతని చెయ్యి దిగకముందే, ఒక ఊపిరి ముందుగా పాట అందుకునేది. అందుకని వాద్యాలన్నీ ఆపి ఆమె కోసం కాస్త ఖాళీ వదలడం అతనికి అలవాటు.

ఆ రోజూ వాద్యాలు ఆగాయి. ఎవరిస్తో చెయ్యి అలవాటుగా ఎడమవైపు లేచింది. అక్కడ ఎవరూ లేరు.

గొంతు వచ్చింది. ఒక ఊపిరి ముందే వచ్చింది.

పాట అయ్యాక ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకడు తాళంచెవి, ఇంకొకడు కుర్చీ కాలు, అలా అందరూ కీడు సోకకుండా దొరికిన ఇనుమును ముట్టుకున్నారు. ఫియొరెల్లా మొహం పాలిపోయింది.

"మేస్ట్రో, నేను నోరు తెరవలేదు. మీరు నావైపు చూడనేలేదుగా!"

"మరి పాడిందెవరే తల్లీ?" అని అడిగేసి వయొలిన్ ముసలాయన నాలుక కరుచుకున్నాడు.

టేపు తిప్పి విన్నారు. గొంతు ఉంది. నిర్మాత పల్లోత్తాకు పట్టరాని ఆనందం. "పాడింది ఎవరైతేనేం, ఈ పిల్ల పేరు వేసేద్దాం!"

"నా పేరు వద్దు బాబోయ్," అంది ఫియొరెల్లా. ఎవరిస్తోను పక్కకు పిలిచి మెల్లిగా చెప్పింది. "మాట ఇచ్చి తప్పినవాళ్ల దగ్గరికే పోయినవాళ్లు వస్తారని మా అమ్మమ్మ అనేది, మేస్ట్రో. ఆ మాట తీరిస్తే ఇక రారట."

అదే అతని పీకల మీదికి వచ్చింది. పేరు వేయిస్తే ఆమె వెళ్లిపోతుంది. వేయించకపోతే ఉంటుంది. టేపు ఇంటికి తెచ్చుకుని రోజూ మధ్యాహ్నం కిటికీలు మూసి విన్నాడు. కాఫీ రెండు కప్పుల్లో పోశాడు. ఎన్ని నెలల తర్వాతో అతనికి ఇల్లు ఇల్లులా అనిపించింది.

సినిమాకి పేర్లు రాసేవాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. "గాత్రం అని రాసి ఖాళీ పెట్టానండీ. ఎవరి పేరు రాయమంటారు?"

"రేపు చెప్తానయ్యా."

నాలుగోసారి కూడా "రేపు తప్పకుండా" అన్నాడు. వెనక టేపు తిరుగుతూనే ఉంది. పాట మధ్యలో, అంతకుముందు ఎన్నడూ లేనిచోట, ఒక చిన్న నిట్టూర్పు వినిపించింది. వంటింటి పొయ్యి దగ్గరి నిట్టూర్పే.

 సిగ్గుతో ఎవరిస్తో తల వాలిపోయింది. చచ్చాక కూడా ఎర్సిలియాను ఇలా నిలబెట్టి ఉంచుతున్నానే అనుకున్నాడు.

"రాసుకో. ఎర్సిలియా కాంతలూపీ," అన్నాడు.

సినిమా విడుదలైన రోజు మొదటి ఆటకే వెళ్లాడు. తెర మీద ఆ పేరు పడింది, అతని పేరంత పెద్ద అక్షరాల్లో. తర్వాత కథానాయిక సమాధుల మధ్య మెట్లు దిగుతుండగా వాద్యాలు ఆగాయి. సీట్లో కూర్చునే ఎవరిస్తో ఎడమవైపు చెయ్యి ఎత్తాడు.

ఏమీ వినిపించలేదు. ఆమె కోసం వదిలిన ఖాళీ ఖాళీగానే సాగింది. హాల్లో ఒక్కరూ ఊపిరి పీల్చలేదు.

"అమ్మో, ఈ నిశ్శబ్దమే చంపేసిందే!" అంది వెనక వరసలో ఒకావిడ.

ఎవరిస్తో ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు.