పీట మీది పానాలు

"దసరాకు ముందే కారు తాళం స్విచ్ మారుస్త వదినా" అని మా అమ్మకు మాటిచ్చిన చిన్నాయన ఆ పని చేయలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందే ఆయన మెకానిక్ షెడ్డు. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆయుధపూజ నాడు బోల్టులు విప్పే పానాలన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి పీట మీద పేర్చేవారు. మర్నాటిదాకా ఎవరూ ముట్టేవారు కాదు.

ఆ ఏటి పూజ రోజే అమ్మకు నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. నాన్న తాళంచెవి ఎన్నిసార్లు తిప్పినా ఇంజన్ పలకలేదు. వెనక సీటు నెత్తురుతో తడిసింది. సాంబ్రాణి పొగలో కలిసిన ఆ వాసన నన్నింకా వదల్లేదు.

"నర్సింహా, జర సూడు" అంది అమ్మ.

"పూజల పెట్టిన పానాలు ఎట్ల ముడ్త వదినా? రిక్షా తెస్త, ఉండు."

ఆసుపత్రి దారిలో రిక్షా మలక్‌పేట చేరకముందే అమ్మ ఒళ్లు చల్లబడింది.

ఇవాళ ఎల్బీనగర్‌లో, ఇన్నేళ్లుగా దాచుకున్న అదే కారు రిపేరుకిచ్చాను. మళ్లీ స్విచ్చే పోయింది. మెకానిక్ డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి రెండు వైర్లు కలిపాడు. ఇంజన్ అందుకుంది.

"పానా అక్కర్లేదా?" అన్నాను.

"గీ దానికి పానా ఎందుకు పెద్దాయనా? వేళ్లు చాలు. షెడ్డుల పనిచేసేటోళ్లందరికీ ఎరుకే."

అమ్మ తలరాత అన్నారందరూ. తలరాత కాదు, మా చిన్నాయన నర్సింహ.