జామీను బావ ఎదుటే తిన్నాం

గత నెల మా ఆవిడ పన్నెండో రోజు భోజనాలయ్యాక, వరండాలో కూర్చున్న చుట్టాల్లో ఒకాయన, మంచివాడే, మా ఇంటి గోడల వంక చూస్తూ, ఆ తల్లి నోరు కట్టుకుని, కడుపు కట్టుకుని ఈ ఇల్లు నిలబెట్టింది, తను తినలేదు, పిల్లలకి పెట్టలేదు, ప్రతి పైసా అప్పుకే కట్టింది అన్నాడు. మిగిలినవాళ్లు తలలూపారు. పోయినవాళ్ల గురించి అలాగే మాట్లాడతారని నాకు తెలుసు. పదిమందిలో నోరు విప్పడం మొదటినుంచీ అలవాటు లేక ఊరుకున్నాను గాని, ఆ మాట అప్పటినుంచి నన్ను వదలడం లేదు, ఎందుకంటే అది అబద్ధం. ఆవిడ కడుపు కట్టుకోలేదు, మమ్మల్ని కట్టుకోనివ్వలేదు. అప్పు తీర్చిన పదకొండేళ్లలోనూ నెలకి ఒకసారి మా ఇంట్లో అందరం ఇష్టమైనది తిన్నాం. దానికోసం ఆవిడ ఒకరోజు ఇంటి పైకప్పునే పణంగా పెట్టింది. జీతంలో కోత పడుతూండగా పిల్లల్ని పెంచిన నా ఈడు వాళ్లకైనా ఇది అర్థమవుతుందని రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు. డెబ్బైల మొదట్లో జంషెడ్‌పూర్ వచ్చి కర్మాగారంలో టైమాఫీసు గుమాస్తాగా చేరాను. ఎవరు ఏ షిఫ్టుకి ఎన్ని గంటలకి లోపలికి వచ్చారో రాసుకోవడం నా పని. భాలుబాసాలో వరస ఇళ్లలో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. అయిదు కుటుంబాలకి ఒకటే వాకిలి, ఒకటే కుళాయి. ముగ్గురు పిల్లలు పుట్టాక, రైలు యార్డు అవతల బాగ్‌బేరాలో చిన్న స్థలం కొని, కార్మికుల సహకార సంఘంలో ఇంటి అప్పుకి పెట్టుకున్నాను. మేమంతా దాన్ని సొసైటీ అనేవాళ్లం. స్థలం కాగితాలు వాళ్ల బీరువాలో తాకట్టు ఉండేవి. డబ్బు మూడు విడతలుగా ఇచ్చేవారు, పునాదికి ఒకటి, గోడలకి ఒకటి, కప్పుకి ఒకటి. ప్రతి విడతకీ ఇద్దరు జామీనుదార్లు మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. నెలనెలా వాయిదా నా జీతంలోంచే కోసుకుంటారు, అది ఆగితే వాళ్ల జీతంలోంచి కోస్తారు. ఒక జామీనుదారు మా ఆఫీసులోనే పనిచేసే ఛాప్రా వైపు బీహారీ, అడగగానే పెట్టేసి మరిచిపోయే రకం. రెండో ఆయన మా బావ.

సొంత బావ కాదు. మా పక్క ఊరివాడు, మా మేనత్త అత్తవారి వైపు ఏదో వరస కలిసింది. ఆయన నన్ను బామ్మర్దీ అనేవాడు, మా ఆవిడ ఆయన్ని అన్నయ్యా అనేది, పిల్లలు మావయ్యా అనేవాళ్లు. ఫౌండ్రీలో మేస్త్రీగా చేసేవాడు. మా వరసలోనే మూడో గుమ్మం ఆయనది. నాకంటే ముందు ఇంకో తెలుగువాడికి జామీను ఉంటే, వాడు ఒక తెల్లవారుజామున పెట్టె సర్దుకుని ఎటో వెళ్లిపోయాడు. వాడి అప్పు మూడేళ్లపాటు బావ జీతంలోంచి కోశారు. ఆ మూడేళ్లలో ఆయన సైకిలు అమ్మేసి డ్యూటీకి నడిచి వెళ్లేవాడు. అటువంటి మనిషి మళ్లీ నాకు సంతకం పెట్టాడంటే అది చిన్న సంగతి కాదు. పెట్టినందుకు మా ఇంటి మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు, అది కూడా సహజమే.

జీతం రోజునే పిల్లలకి ఏదైనా కొనాలన్నది మా ఆవిడ పెట్టిన నియమం. కోత పడే రోజు ఇంట్లో అందరూ మొహాలు వేలాడేసుకుంటే, పిల్లలకి ఆ కట్టబోయే ఇల్లంటేనే అసహ్యం పుడుతుందని ఆవిడ వాదన. ఆ సాయంత్రం సాక్చీ బజారులో గుప్‌చుప్, అంటే చిన్న పూరీలలో ఆలూ కూరి చింతపండు నీళ్లలో ముంచి ఇస్తారు చూడండి, అవి కడుపునిండా తినిపించేది. మర్నాడు నది చేప. నాకు టాటానగర్ స్టేషను పుస్తకాల కొట్టులో తెలుగు వారపత్రిక, మూడు రోజులు ఆలస్యంగా దిగేది. అది మానేస్తానని నేను రెండుసార్లు అన్నాను. చదవని మొగుడితో మాట్లాడ్డానికి ఏం ఉంటుంది, అని ఆవిడే డబ్బులు చేతిలో పెట్టి పంపింది. మిగిలిన నెలంతా పప్పు, ఆకుకూర, కంపెనీ యూనిఫారం గుడ్డతో కుట్టించిన పిల్లవాడి నిక్కర్లు. వాటికి ఆవిడ ఏనాడూ సిగ్గుపడలేదు, గొప్పగా చెప్పుకోనూ లేదు.

చేప వేపుడు వాసన మూడు గుమ్మాలు దాటేది. బావ కుళాయి దగ్గర పళ్లు తోముకుంటూ, అందరికీ వినపడేట్టు అనేవాడు.

“ఏటి బామ్మర్దీ, వాసనొత్తంది. నా సంతకం ఏగుతన్నట్టుందే?”

వాకిలంతా నవ్వేది. నేనూ నవ్వుతూనే లేచి తలుపు వేసేవాణ్ని. ఆయన కోపగించుకుని మూడో విడతకి రాకపోతే గోడలు కప్పు లేకుండా మిగిలిపోతాయి. మట్టితో కట్టిన ఇటుక గోడలు ఒక్క వానాకాలం తడిస్తే చాలు. ఆ భయంతో నేను దాచడం మొదలుపెట్టాను. టైమాఫీసులో ఉన్నవాణ్ని కనుక బావ షిఫ్టు ఎప్పుడో నాకు తెలుసు. జీతం మర్నాడు అనే లెక్క మానేసి, ఆయన ఉదయం డ్యూటీలో ఉన్న వారమే చేప వండించేవాణ్ని, అదీ పొద్దున్న తొమ్మిదింటికల్లా, ఆయన వచ్చేసరికి వాసన పోవాలని. పొద్దున్నే చేపల పులుసు తిన్న కుటుంబం జంషెడ్‌పూర్ మొత్తంలో మాదొక్కటే అయి ఉంటుంది. గుప్‌చుప్ తిన్నాక పిల్లల్ని మునిసిపల్ కుళాయి దగ్గర నిలబెట్టి మూతులు కడిగి, ఇంటి దగ్గర ఎవరడిగినా ఏమీ తినలేదని చెప్పమనేవాణ్ని. మా ఆవిడ కొన్నాళ్లు నాకోసం ఊరుకుంది.

ఒక జీతం రోజు సాయంత్రం మేము తిరిగి వచ్చేసరికి బావ గుమ్మంలో కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. అయిదేళ్ల మా చిన్నమ్మాయి నా చెయ్యి విడిపించుకుని పరుగెత్తి, ఆయన ఏమీ అడక్కుండానే, “మావయ్యా, మేం ఏటీ తిన్లేదు” అంది. దాని గౌను ముందంతా చింతపండు నీళ్ల మరక. బావ పొగ వదులుతూ, “ఔనమ్మా, కనపడతంది” అన్నాడు. ఆయన నవ్వాడు, ఆయన భార్య నవ్వింది, నేనూ నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

ఇంట్లోకి వచ్చి గౌను విప్పి ఉతుకుతూ చెప్పింది, ఇక దాచి తినడం లేదని. వచ్చే జీతం రోజు వాకిట్లోనే, అందరి ముందూ తింటామని. ఆ నెలలోనే మూడో విడత సంతకాలు. కనీసం అవి అయ్యేదాకా ఆగమని బతిమాలాను.

“సంతకం అయ్యాక తింటే అది మోసమండీ” అంది. “ముందే తింటాం. సూసి పెడితే పెడతాడు, లేపోతే లేదు.”

కప్పు లేకపోతే అద్దె ఒకవైపు, కోత ఒకవైపు, ఎన్నేళ్లు లాగుతామని అడిగాను. దొంగల్లా మూతులు కడుక్కునే పిల్లలకి కప్పు ఎందుకంది. ఆవిడ ఒకసారి అనుకున్నాక వాదన పెంచేది కాదు, పని చేసుకుపోయేది.

తరవాతి జీతం రోజు శనివారం వచ్చింది. ఆ సాయంత్రం గుప్‌చుప్ అమ్మేవాణ్ని వీధిలోంచి పిలిచి, వాడి వెదురు స్టాండు సరిగ్గా మా గుమ్మం ఎదుట దింపించింది. పిల్లలు అరుగు మీద వరసగా కూర్చున్నారు. నేను లోపల నిలబడి ఉన్నాను, ఆ సంగతి దాచను. బావ డ్యూటీ నుంచి వచ్చి టిఫిన్ డబ్బాతో అక్కడే ఆగిపోయాడు.

“అన్నయ్యా, ఇలా రండి. మేం ఏటి తింటన్నామో దగ్గరుండి సూడండి.”

“నేనే సూడాలేటమ్మా, వాకిలంతా సూత్తంది.”

“సూడనీండి. ఇన్నాళ్లూ మీకు కనపడకండా తిన్నాం. అది తప్పే. ఇకనుంచి తలుపు తీసే తింటాం.”

“మరి కోత మాటేటి?”

“ఏ నెల ఆగింది కోత? మీ బామ్మర్ది లోపలే ఉన్నారు, అడగండి. కోత పోగా ఇంటికొచ్చింది మా పిల్లల నోటిది. దానికి మీరు జామీను లేరు కదన్నయ్యా.”

తెలుగు ఒక్క ముక్క తెలియని అమ్మేవాడు చేతిలో పూరీ పట్టుకుని అటూ ఇటూ చూసి, “ఔర్ దూఁ, భాభీ?” అని, ఇంకా పెట్టనా అన్నట్టు అడిగాడు. “దో, మిర్చీ జరా జ్యాదా” అని, కారం కాస్త పెంచి ఇమ్మంది ఆవిడ, బావ మీంచి చూపు తిప్పకుండానే.

బావ టిఫిన్ డబ్బా చెయ్యి మార్చుకున్నాడు. “తినమ్మా, తినండి. గోడలొక్కటీ మిగల్చండి” అని తన గుమ్మంలోకి వెళ్లిపోయాడు.

సోమవారం సొసైటీ ఆఫీసులో ఛాప్రా ఆయన వచ్చి సంతకం పెట్టి వెళ్లాడు. బావ రాలేదు. బల్ల మీద మూసేసే వేళదాకా కూర్చున్నాను. బుధవారమూ రాలేదు. నెలాఖరు దాటితే ఈ విడత వానల తరువాతకి పోతుందని గుమాస్తా చెప్పాడు. బాగ్‌బేరా వెళ్లి గోడలు చూసి వచ్చాను. దల్మా కొండ మీద అప్పుడే మబ్బు పట్టింది. ఇంటికొచ్చి, ఒక్కసారి వెళ్లి అన్నయ్యకి సర్ది చెప్పమన్నాను. చెప్పవలసింది వాకిట్లోనే చెప్పానంది. ఇంకో జామీను వెతుక్కోమంది. అది అంత తేలికైతే అందరికీ ఇళ్లు ఉండేవి.

ఇప్పుడు రాయబోయేది ఇన్నేళ్లూ ఆవిడకి చెప్పలేదు. శుక్రవారం మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ ఫౌండ్రీ గేటు దగ్గర బావ కోసం నిలబడ్డాను. ఆయన బయటికి రాగానే, అప్పు తీరేదాకా మా ఇంట్లో చేపముక్క వండబోమని, పిల్లలకి చిరుతిండి కొననని, వారపత్రిక కూడా మానేస్తానని, ఇది నా మాట అని ఒక్క గుక్కలో చెప్పాను.

బావ మొహం మీది మసి తుడుచుకుంటూ, “మా సెల్లికి తెలుసేటి ఈ మాట?” అన్నాడు.

తెలియదన్నాను.

“నన్ను ముంచి పోయినోడు ఏటి తినీవోడో ఎరుగుదువా? నా ఎదట ఉత్త గంజి. సొక్కాకి మాసికలు. పైసా పైసా కూడబెడతన్నాను బావా అనీవోడు, అచ్చం నువ్వు అన్నట్టే. ఆడు ఎల్లిపోయేక తెలిసింది, సాక్చీ హోటల్లో ఎంత బాకీ పెట్టేడో.” బీడీ వెలిగించుకున్నాడు. “దాసీవోడంటేనే నాకు బయం. మీరూ దాసేరు, నాకు తెల్దనుకున్నావేటి, పొద్దున్నే సేపల పులుసు ఎవడు తింటాడయ్యా? మా సెల్లి తలుపు తీసింది. ఆ సోమారమే పెట్టీసీవోణ్ని. నువ్వేటి సేత్తావో సూద్దారని ఆగేను.”

ఆయన బీడీ బూడిద రాల్చాడు.

“ఇదీ నువ్వు సేసింది” అన్నాడు. “పెట్టేది మా సెల్లిని సూసి. పద, ఆఫీసు మూసేత్తారు.”

వానలకి ముందే స్లాబు పడింది. గోడలకి సిమెంటు గిలాబా చేయించడానికి మరో ఆరేళ్లు పట్టింది. ఒక గదికి కిటికీ తలుపులు లేక చాలాకాలం గోనె కట్టాం. అప్పుడు కూడా జీతం రోజు జీతం రోజే. బాగ్‌బేరా మారాక బావ ఆదివారాలు వచ్చి చేపల పులుసు తినేవాడు, మొదటి ముద్దకే కారం తక్కువైందని ఆవిడతో తగువు పెట్టుకునేవాడు. ఆ ఖర్చులన్నీ మానుకుని ఉంటే అప్పు ఇంకో ఏడాది ముందు తీరేదేమో. ఆ ఏడాది నాకు అక్కర్లేదు. అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడు ఆవిడ లేకుండా కూర్చున్న ఈ రోజునా అక్కర్లేదు.

బావ పోయి చాలా ఏళ్లయింది. మొన్న మా పెద్దమ్మాయి కూతురు ఫ్లాటుకి అప్పు తీసుకుందని చెబితే, జామీను ఎవరు ఉన్నారని అడిగాను. “గారంటర్ అబ్ కౌన్ మాంగ్తా హై, తాతా?” అని, ఇప్పుడు జామీను అడిగేదెవరని నవ్వింది. జీతం కాగితం చూసి, కంప్యూటరు చూసి ఇచ్చేస్తారట. మంచిదే. తన కంచంలో ఏముందో మూడో గుమ్మం వాడికి జవాబు చెప్పుకోవలసిన పని మనవరాలికి లేదు, ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. అయితే మా సొసైటీ కాగితంలో జామీనుదారు సంతకానికి పైన ఒక వాక్యం అచ్చువేసి ఉండేది, ఈ కుటుంబాన్ని నేను బాగా ఎరుగుదును అని. ఆ శుక్రవారం బావ దాన్ని వేలుపెట్టి చదివి, ఒకసారి నావంక చూసి, సంతకం పెట్టాడు. ఇప్పుడు ఎవరూ ఎవరినీ ఆ వాక్యం అడగడం లేదు. ఆ రోజు నన్నే అడిగి ఉన్నా, నా భార్యని బాగా ఎరుగుదునని దాని కింద సంతకం పెట్టే అర్హత నాకు లేదు. ఆయనకి ఉంది.