రెండు షిఫ్టుల మంచం

దొర పోయి నాలుగేళ్లయింది. అయినా ప్రెస్సు బాబాయి ఇప్పటికీ కాళ్లు పూర్తిగా చాపుకుని పడుకోడు. మంచం చివర ఒక కుక్క పట్టేంత జాగా వదిలేసి, మోకాళ్లు కాస్త ముడుచుకునే పడుకుంటాడు. ఎందుకని అడిగితే అలవాటైపోయిందంటాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అడిగినా దొర కథ మొదలవుతుంది, ఇక వినేవాడికి ఆ పూటకి వేరే పని ఉండకూడదు.

వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన ప్రెస్సు బాబాయే. దినపత్రిక అచ్చయ్యే చోట మిషను మీద ఇరవై ఆరేళ్లు రాత్రి డ్యూటీ చేశాడు. ఊరంతా దుప్పటి ముసుగుతన్నే వేళకి క్యారేజీ పట్టుకుని బయలుదేరేవాడు. తెల్లారుజామున చెవుల్లో ఇంకా మిషను హోరుతోనే తిరిగొచ్చేవాడు. గుమ్మం దగ్గరే ఆగి, గోళ్లలో ఇంకిన సిరాని కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుని గానీ లోపల అడుగుపెట్టేవాడు కాదు. ఆయన స్నానం చేసి వచ్చేసరికి పిన్ని లేచి వంటింట్లో ఉండేది. ఆవిడ లేచిన వెచ్చదనం పోకముందే ఆ పక్క మీద ఈయన నడుం వాల్చేవాడు. ఇంటికి మంచం ఒకటే, దానికి షిఫ్టులు రెండు. వారానికొక రాత్రి సెలవు దొరికేది గానీ, ఆ రాత్రి నిద్రపట్టక ముందుగదిలో కూర్చుని పాత పేపర్లు తిరగేసేవాడు. దిండు కూడా ఇద్దరికీ కలిపి ఒక్కటే ఉండేదంటే ఇంకేం చెప్పాలి.

ఆ మంచం మీదకి దొర వచ్చింది కూతురి పుణ్యాన. ఏడో తరగతిలో ఉండగా ఒక వానరోజు స్కూలు సంచిలో పుస్తకాల మధ్య కుక్కపిల్లను పెట్టుకుని తెచ్చింది. వరండాలో గోనెపట్టా మీదే పడుకోవాలని, గడప దాటకూడదని పిన్ని గట్టిగా చెప్పింది. ఆ చట్టం మూడురోజులు అమల్లో ఉంది. నాలుగోరోజు పిన్ని పనికీ, పిల్ల బడికీ వెళ్లిపోయాక బాబాయి కాళ్ల మీద ఏదో వెచ్చగా బరువుగా అనిపించింది. తోసేద్దామనుకున్నాడు, అంతలో నిద్రపట్టేసింది. అంత గాఢమైన నిద్ర ఆయనకి పెళ్లయ్యాక అదే మొదటిసారి.

పగటినిద్ర అంటే మాటలు కాదు. కిటికీకి దుప్పటి కట్టినా ఎండ ఏదో సందులోంచి వచ్చి ముఖం మీద పడుతుంది. ఎదురింట్లో కుక్కర్ కూతలు, మేడమీద మంచం జరిపే చప్పుడు, మధ్యాహ్నం బడి గంట. వీటన్నిటి మధ్యా దొర గురక సన్నగా వినిపిస్తుంటే బాబాయికి ఏ చప్పుడూ పట్టేది కాదు. దొర పగలు మొరిగేవాడే కాదు. ఎవరైనా తలుపు కొడితే కిందికి దూకి, తలుపు దగ్గరకి వెళ్లి, ఊరికే నిలబడేవాడు. వచ్చినవాళ్లు విసుగొచ్చి పోయాక తిరిగొచ్చి కాళ్ల మీద వాలేవాడు. రాత్రయితే, ఆ చట్టం పెట్టిన పిన్ని వీపుకే ఆనుకుని రెండో షిఫ్టు చేసేవాడు. రోజుకి ఇరవై గంటలు పడుకునే ఉద్యోగం, పైగా తిండీ బసా ఉచితం. బాబాయి ఆ రోజుల గురించి చెబుతుంటే, నిజంగా అంత సుఖం ఎక్కడైనా ఉంటుందా అనిపిస్తుంది.

తర్వాత రిటైర్మెంటు వచ్చిపడింది. ప్రెస్సువాళ్లు ఒక గోడగడియారం చేతిలో పెట్టి పంపించారు, ఇక టైముతో పనిలేని మనిషికి. పిన్ని మాత్రం కొత్త దుప్పటి కొన్నది, రెండో దిండు కొన్నది. ఆ రాత్రి పదింటికే దీపం ఆర్పేసింది.

ఒంటిగంటకి బాబాయి కళ్లు టక్కున తెరుచుకున్నాయి. అది పేపరు మొదటి కట్ట మిషను దిగే వేళ. కాసేపు అటూ ఇటూ దొర్లి, లేచి మంచినీళ్లు తాగాడు. వంటింట్లో డబ్బాలు వెతికాడు. దొర కూడా లేచి, గోళ్లు టకటకలాడించుకుంటూ వెనకే తిరిగాడు. ఇద్దరూ వచ్చి మంచమెక్కేసరికి పిన్నికి మెలకువ. మళ్లీ రెండింటికి, మూడింటికి ఇదే ఊరేగింపు. ఇలా రెండునెలలు గడిచాయి.

పిన్నిది కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో పని. డాక్టరు రాసిచ్చిన చీటీ ప్రకారం మిషను మీద అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. పద్దెనిమిదేళ్లలో ఆవిడ బిగించిన అద్దం వెనక్కి వచ్చింది లేదు. అలాంటిది ఒకరోజు ఒక మేష్టారు గోడ పట్టుకుని నడుస్తూ దుకాణానికి వచ్చాడు. జోడు పెట్టుకుంటే మెట్లన్నీ జారుడుబండల్లా కనిపిస్తున్నాయన్నాడు. కుడి అద్దం ఎడమకి, ఎడమది కుడికి పడింది.

"ఒంట్లో బాగాలేకపోతే చెప్పండమ్మా," అన్నాడు దుకాణం యజమాని. "ఇంకొకసారి ఇలాగైతే మిషను వేరేవాళ్లకిచ్చి మిమ్మల్ని కౌంటర్లో కూర్చోబెట్టాల్సొస్తుంది."

పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఆ మిషను మీద ఇంకొకళ్లు కూర్చోవడం ఆవిడ ఊహించుకోలేకపోయింది. అప్పటికి పొరుగూళ్లో ఉద్యోగంలో చేరిన కూతురు, సంగతి తెలిసి తల్లికి ఒక వాచీ తెచ్చింది. చేతికి కట్టుకుని పడుకుంటే రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో చెబుతుందట. మర్నాడు పొద్దున్న చూస్తే పదకొండుసార్లు.

"ఇంకెవరు, దొరే," అని తేల్చేసింది కూతురు. "కుక్కని మంచమెక్కించుకుంటే నిద్ర చెడుతుందని అందరూ చెబుతూనే ఉన్నారు. తెచ్చిన పాపం నాదే, అమ్మా. ఇవాళ్టి నుంచి వాణ్ని బయట పడుకోబెట్టండి."

నేరం దొర మీదికి పోతుంటే బాబాయి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆ రాత్రి దొరని ముందుగదిలో పెట్టి తలుపేశారు. పాపం ఆ పిచ్చిజీవి కాసేపు తలుపు గీకి ఊరుకుంది. పొద్దున్న వాచీ పన్నెండు చూపించింది. ఆ మర్నాడు పది.

"కుక్క లేదుగా మరి?" అంది కూతురు ఫోనులో.

పిన్ని మొగుడి వైపు చూసింది. బాబాయి ఫోను అందుకున్నాడు. "వాడు కాదమ్మా," అన్నాడు. "నేనే."

చెప్పాక కాస్త తేలికపడ్డాడు. ఆ సాయంత్రమే ముందుగదిలో అరువు తెచ్చిన మడతమంచం వేసుకుని, దొరని కాళ్ల దగ్గర పెట్టుకుని, అక్కడికి మకాం మార్చేశాడు. పొద్దున్న వాచీ ఒకటి చూపించింది. తర్వాత రోజు సున్నా. పిన్ని ముఖం తేటపడింది, అద్దాలు మళ్లీ కుదురుగా కూర్చున్నాయి, యజమాని శాంతించాడు. బాబాయికి కూడా బాగానే ఉంది. నాలుగింటిదాకా గుడ్లప్పగించి చూసి, ఆ తర్వాత బాగా పొద్దెక్కేదాకా దొరతో కలిసి పడుకుంటే పాతరోజులు తిరిగొచ్చినట్టే అనిపించింది. సమస్య తీరిపోయిందనే అనుకున్నాడు.

పదోరోజు సాయంత్రం పిన్ని వచ్చి మడతమంచం అంచున కూర్చుంది. చేతికి వాచీ లేదు.

"ఇరవై ఆరేళ్లు ఆ గదిలో ఒక్కదాన్నే పడుకున్నాను," అంది. "మీ రిటైర్మెంటు ఎప్పుడా అని చూశాను. తీరా చూస్తే మళ్లీ ఒక్కదాన్నే."

"నిద్ర బాగానే పడుతోందిగా. ఆ వాచీ కూడా అదే చెబుతోంది."

"పడుతోంది. నాకు నచ్చంది కూడా అదే. మొగుడు పక్కన లేకపోతేనే నిద్రపడుతోందని చెప్పే వాచీ నేనెందుకు కట్టుకోవాలి?"

"మరి నీ మిషను?" అన్నాడు బాబాయి.

"బిగించేముందు చీటీ ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. అది నా తంటా, నేను పడతాను. మీరు లోపలికి రండి. వాణ్ని కూడా తెండి."

ఆ రాత్రి మంచం మీద ముగ్గురూ సర్దుకున్నారు, దొర మధ్యలో. ఒంటిగంటకి బాబాయి కళ్లు ఎప్పట్లాగే తెరుచుకున్నాయి. కదిలితే ఆవిడ లేస్తుందని వెల్లకిలా బిగుసుకుని పడుకున్నాడు. కాసేపటికి చీకట్లో పిన్ని ఏదో అంది. పిలిచిందేమోనని తల తిప్పి చూశాడు. ఆవిడ నిద్రలోనే ఉంది. "కుడికన్ను మైనస్ రెండు... ఎడమ మూడు... ఇది మేష్టారిది," అని గొణిగింది. ఆ తర్వాత చిన్నగా నవ్వింది.

పెళ్లాం నిద్రలో మాట్లాడుతుందని బాబాయికి ఆ క్షణందాకా తెలియదు. దొరకి తెలుసు. తొమ్మిదేళ్లుగా వింటున్నాడు కాబోలు, కనీసం చెవి కూడా కదపలేదు. బాబాయికి సిగ్గేసింది, ఆ కుక్క మీద అసూయ కూడా వేసింది. గొంతు ఎండిపోతున్నా మంచినీళ్లకి లేవలేదు. ఆవిడ ఇంకేమైనా అంటుందేమోనని తెల్లారేదాకా వింటూ పడుకున్నాడు.