బొటనవేలు ఎత్తని ఉదయం

మేము ఆ సైనిక స్థావరానికి చేరేసరికి ఉదయం పదిన్నర. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ఉత్తర కొస, కెనడా సరిహద్దుకు దగ్గర. ఉష్ణోగ్రత సెల్సియస్‌లో మైనస్ ఇరవై ఒకటి. గాలి వాయవ్యం నుంచి. చుట్టూ సూదిమొన ఆకుల అడవి. మధ్యలో కంకర పరిచిన యార్డు. అందులో ఆరు ట్రక్కులు, వాటి వెనక ఆరు పెట్టె ట్రెయిలర్లు. అడవిలో శీతకాల శిక్షణ పొందుతున్న బలగాలకు మందులు, ఆహారం చేరవేయడం మా రిజర్వ్ దళానికి అప్పగించిన పని.

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో నేను పంపులు డిజైన్ చేసే ఇంజనీరును. ఆ స్థావరంలో నాలుగో ట్రక్కు డ్రైవరును. సైన్యం కబుర్లు అడిగే మిత్రులు తుపాకుల సంగతి ఆశిస్తారు. నా దగ్గర ఉన్నది మంచు సంగతి.

మొదటి సాయంత్రమే సార్జెంట్ మమ్మల్ని వరుసగా నిలబెట్టి నియమం చెప్పాడు. ట్రెయిలర్ పైకప్పు మీది మంచు తొలగించే బాధ్యత ఆ బండి డ్రైవరుదే. కానీ శుభ్రమైందని బొటనవేలు ఎత్తవలసింది దాని వెనక బండి నడిపే డ్రైవరు. ఆ వేలు లేవనిదే కాన్వాయ్ కదలదు.

"వెనకవాడే ఎందుకు?" అని ఎవరో అడిగారు.

"ఊడినది వాడి మొహం మీదికే వస్తుంది కాబట్టి. స్నేహితుడని మొహమాటపడకండి. మీ ముక్కు గురించి ఆలోచించండి."

నా ముందుది మూడో ట్రక్కు. దాని డ్రైవరు శ్రావ్య, డాలస్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. పరిచయమైన రోజే నన్ను అంకుల్‌ని చేసింది.

"నాకు ముప్ఫై నాలుగే," అన్నాను.

"మా మమ్మీ రూల్, అంకుల్. థర్టీ దాటితే అంకుల్ అనాలి."

పని ముగిశాక తిరుగు ప్రయాణానికి ఆజ్ఞ ఉదయం ఆరున్నరకు. పడమటి నుంచి మంచు తుఫాను వస్తోంది; మధ్యాహ్నం నుంచి హైవే మీద ట్రక్కులను అనుమతించరు. ఆలోపు దక్షిణానికి దాటకపోతే మూడు రోజులు అక్కడే. నేను స్థావరంలో ఉండగా పుట్టిన నా కూతురికి అప్పటికి రెండు వారాలు. నేను దాన్ని ఫోన్‌లో తప్ప చూడలేదు.

పైకప్పు ఎక్కడం నిషేధం. పక్కన నిలబెట్టిన అల్యూమినియం మెట్ల వేదిక మీది నుంచి పొడవాటి కర్రకు బిగించిన పలకతో మంచు తోస్తాం. శ్రావ్య తోసేసింది. నేను వేదిక ఎక్కి టార్చి వేశాను. తెల్ల రంగు కనిపించింది. మంచు లేదు.

దిగుతుంటే నా చేతి తొడుగు మీద ఒక నీటి చుక్క పడింది.

మైనస్ పద్దెనిమిది. సూర్యుడింకా రాలేదు. నీరు కారడానికి కారణం ఉండకూడదు.

"హీటర్ ఎప్పుడు వేశావు?"

"ఫోర్ ఓ క్లాక్‌కి. ఫుల్‌లో పెట్టాను. ఐస్ లూజ్ అవుతుంది కదా అని."

"లూజ్ అయిందమ్మా. ఊడలేదు."

మందులు గడ్డకట్టకుండా ట్రెయిలర్ లోపల హీటర్ ఉంటుంది. దాని వేడికి పైరేకు వెచ్చబడి, గడ్డకట్టిన మంచు పొర అడుగుభాగం కరిగింది. ఇక ఆ మంచు పలకను పట్టి ఉంచింది పలుచని నీటి పొరే. పలక పారదర్శకం కాబట్టి కింది తెల్ల రంగే కంటికి కనిపిస్తుంది. పైకప్పు పొడవు పదహారు మీటర్లు, వెడల్పు రెండున్నర. మందం రెండు సెంటీమీటర్లే అనుకున్నా బరువు ఏడు వందల కిలోలకు పైన. హైవే వేగానికి అది లేస్తుంది.

రేడియోలో కాన్వాయ్‌ను నడిపించే లెఫ్టినెంట్ గొంతు, నా ట్రక్కు నంబరుతో పిలుస్తూ: "ఫోర్, ఎందుకు ఆగారు?"

"త్రీ పైకప్పు మీద ఐస్ ఉంది. బొటనవేలు ఇవ్వలేను, సర్."

"కనిపిస్తోందా?"

"లేదు, సర్."

 "ఫోర్, ఇక్కడ అందరికన్నా ఇంటికి తొందర నీకే."

"అవును, సర్."

సార్జెంట్ అందుకున్నాడు. "అలాంటివాడే ఆగాడంటే ఉండే ఉంటుంది, సర్. ఇంజన్లు ఆపండి."

శ్రావ్య మొహం ముడుచుకుంది. "స్టార్మ్‌లో ఇరుక్కుంటే మీ వైఫ్‌కి మీరే చెప్పుకోండి."

"చెప్పుకుంటాను. ముందు ఆ కర్ర ఇటివ్వు."

ఇద్దరం వేదిక మీద నిలబడి రెండు కర్రలతో కలిసి తోశాం. కదల్లేదు. మళ్లీ తోశాం. లోపలెక్కడో మూలిగినట్టు చప్పుడు వచ్చింది. ముందుభాగం మొత్తం ఒక్కసారిగా జారి అవతలి మంచుగుట్ట మీద పడింది. అందులో తలుపంత ముక్క ఒకటి అంచు దిగబడి నిటారుగా నిలిచింది. దానికి అవతల ఇంకో ట్రక్కు నారింజ లైటు వెలిగి ఆరుతోంది. గాజులాంటి ఆ పలకలోంచి లైటు వంకర తిరిగి, పెద్దదై కనిపించింది. తర్వాత మధ్యలో ఒక గీత పడింది. పలక రెండై కూలింది.

"ఓ మై గాడ్," అంది శ్రావ్య.  మిగిలినది తోయడానికి ముందు తనే కర్ర అందుకుంది.

ఏడు ఇరవైకి నేను బొటనవేలు ఎత్తాను.

రెండు గంటల తర్వాత పక్కదారిలోంచి ఒక చిన్న నీలం కారు హైవే ఎక్కి, ఆమె ట్రెయిలర్‌కూ నా ట్రక్కుకూ మధ్య వదిలిన ఖాళీలో దూరింది. వెనక సీటులో ఎర్రటి ఉన్ని టోపీ, దాని కింద ఒక చిన్న తల. చాలా దూరం ఆ కారు అక్కడే సాగింది.

"ఫోర్, బ్లూ కార్ చూశారా?"

"చూస్తూనే ఉన్నాను."

"థ్యాంక్స్, అంకుల్."

"అంకుల్ కాదు."

"ఓకే, అంకుల్."

చెప్పినదానికన్నా ముందే, పదకొండు దాటాక, మా వెనక హైవేను ట్రక్కులకు మూసేశారు. అప్పటికి మేము దక్షిణాన ఉన్నాం. దారిలో ఒక రాత్రి ఆగి, మర్నాడు మధ్యాహ్నం న్యూజెర్సీ చేరాం. దళం గేటు దగ్గర నా భార్య కూతుర్ని నా చేతుల్లో పెట్టింది. పాప బరువు మూడున్నర కిలోలు. చేతులకు అంతకన్నా తేలికగా తోచింది.

సైన్యం వదిలి చాలాకాలమైంది. మంచు కురిసిన ఉదయాల్లో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేను కారు పైకప్పు మొత్తం తుడుస్తుంటే పొరుగు కుర్రాడు నవ్వుతాడు. "ముందు అద్దం క్లీన్ చేస్తే చాలదా, అన్నా?" చాలదంటాను. వెనక సీటులోంచి నా కూతురు తొందరపెడుతుంది. చివరి మూల తుడిచేటప్పుడు ప్రతిసారీ అదే కనిపిస్తుంది: మంచుగుట్టలో నిటారుగా నిలిచిన గాజులాంటి మంచు పలక, దాని వెనక వెలిగి ఆరే నారింజ లైటు.