ముందుకు గీత, వెనక్కి గీత

విమానాశ్రయం పక్కనే మా ఆఫీసు. సరుకు రవాణా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. నాకు పని నేర్పిన సీనియర్‌ను అన్నా అని పిలిచేదాన్ని. ఇద్దరిదీ రాజేంద్రనగరే కాబట్టి ఆయన కారులోనే వచ్చిపోయేదాన్ని.

మాలో కొందరివి విండోస్ లాప్‌టాప్‌లు, సర్వర్ మాత్రం లినక్స్. ఫైలు ఎక్కడుందో చెప్పే దారిని విండోస్ వెనక్కి వాలిన గీతలతో రాస్తుంది, లినక్స్ ముందుకు వాలిన గీతలతో. అందరి కోడ్‌నూ కలిపి ప్రోగ్రాం తయారుచేసే బిల్డ్ టూల్ ఈ తేడా దగ్గరే ఆగిపోయేది. ఏ దారినైనా ఆ యంత్రానికి తగ్గట్టు మార్చే భాగం నేను రాశాను.

కస్టమర్లు వస్తారనగా ముందురోజు అన్న నా కుర్చీ దగ్గరకు వచ్చాడు.

"నువ్వు రాసినదానితోని బిల్డ్ లేటైతుంది. నా లాప్‌టాప్‌ల అది లేకున్నా మంచిగనే నడుస్తుంది. తీసేస్తున్న."

"సర్వర్ల ఆగిపోతదన్నా."

"ఏం కాదు. నేనున్న కద."

మర్నాడు కస్టమర్ల ముందే బిల్డ్ ఆగింది. ఫైలు దొరకలేదని తెరమీద ఎర్రటి అక్షరాలు.

"ఈ భాగం ఎవరు చూస్తున్నారండీ?" మేనేజర్ అడిగాడు.

"ఆమెనే సార్," అన్నాడు అన్న. "జర చూసుకోమని చెప్పిన."

"నేను రాసింది నిన్న తీసేశారు సార్," అన్నాను.

"ఎవరు?"

అన్న వైపు చూశాను. తనే ఒప్పుకుంటాడని ఆగాను. ఆయన తల ఎత్తలేదు. ఆయన పేరు చెప్పకుండానే నా కుర్చీ దగ్గరకు వెళ్లిపోయాను.

సాయంత్రం కారులో అడిగాను. "గిట్లెందుకు చేసినవన్నా?"

"ఇప్పుడు నా మీదికొస్తే ప్రమోషన్ పోతది. నువ్వు కొత్తదానివి, నిన్నేమంటరు? రెండ్రోజులైతే మర్చిపోతరు."

అది కూడా నాకు నేర్పుతున్న పనే అన్నట్టు, నెమ్మదిగా, ప్రేమగా చెప్పాడు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

"బస్టాండ్ కాడ దింపు," అన్నాను. ఆపాడు. మళ్లీ ఆ కారు ఎక్కలేదు.

మేనేజర్ నన్ను కోడ్ రాసే పని నుంచి తప్పించి టెస్టింగ్‌కు మార్చాడు. నేను రాసిన భాగాన్ని అన్న తిరిగి పెట్టుకుని తన పేరు రాసుకున్నాడు. ప్రమోషన్ వచ్చింది.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్ నుంచి వస్తుంటే, అద్దాల గదిలో అన్న కొత్తవాళ్లకు పాఠం చెబుతున్నాడు. "గీతలు మీరు చేత్తోని రాయొద్దు. ఏ గీత కావాల్నో యంత్రాన్నే అడగాలె." ఆ మాట ఒకప్పుడు నేను ఆయనకు చెప్పింది. నన్ను చూసి నవ్వి, పాఠం కొనసాగించాడు.

నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియక, బస్సులో ఇల్లు చేరేదాకా నామీద నాకే కోపం.