ఎలుగుకి గడి లేదు

నా కుడి మణికట్టు విరగ్గొట్టింది ఎలుగుబంటేనని నరసన్నపేటలో మా వీధి వీధంతా వారంపాటు నమ్మింది. ఉద్దానం వైపు చుట్టాల జీడితోటకు వెళ్లాను, ఎలుగు ఎదురైంది, రక్కింది, నేను దాని మూతి మీద ఒక్కటిచ్చాను, ఆ ఊపుకి ఎముక విరిగింది. మొదటిరోజు ఒక్క ఎలుగే. పిండికట్టు చూడ్డానికి వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ దానికో పిల్ల కూడా పుట్టింది.

చిక్కేమిటంటే, శ్రీకాకుళంలో డాక్టరుగారికి కూడా అదే చెప్పాను. ఇద్దరు నర్సులు చెవులప్పగించి వింటుంటే ఎలా ఆగేది? ఆయన నా మోచేతి మీది గీరలు చూసి, కేసు షీటులో "ఎలుగు రక్కింది" అని రాసి, రేబిస్ సూదులు ఐదన్నారు. రెండు పడ్డాయి. మూడోది ఏడోరోజున. ఎలుగుతో కలబడ్డవాడు సూదిని చూసి కళ్లు మూసుకుంటాడని వీధికి తెలియదు. నిజం చెబితే మిగతా మూడూ తప్పుతాయి. కాని ఎలుగు పోతుంది.

ఆ ముందురోజు సాయంత్రం మేనకోడలు దిగింది. అరసవల్లిలో గది తీసుకుని మెడికల్ కోడింగ్ నేర్చుకుంటోంది. డాక్టరు రాసిన ప్రతి జబ్బుకూ, దెబ్బకూ ఒక కోడు వేసే పని అది.

"మావయ్యా, నీ డిశ్చార్జి కాయితం ఇవ్వు. క్లాసులో సూపించాల. పేరు కొట్టేస్తాన్లే."

"ఎందుకే కొట్టడం? నలుగురికీ తెలియనీ."

కాగితం ముందేసుకుని నాకే పాఠం మొదలెట్టింది. ఆస్పత్రికి ఎందుకొచ్చావో డాక్టరు తేల్చిందే ప్రధాన నిర్ధారణ. అంటే విరిగిన ఎముక. నీ షుగరు దాని వెనకాల. నొప్పి, వాపు అంటూ వేరే వేయకూడదు, అవి ఎముకతో పాటు వచ్చినవే.

"ఎముక సర్మం సీల్చుకుని బయటికొచ్చిందా?"

"రాబోయింది. నేనే ఆపీసినాను."

"రానేదు," అని రాసుకుంది.

తర్వాత బయటి కారణం. ఎముక ఎందుకు విరిగింది, ఎక్కడ, ఏం చేస్తుండగా అన్నవాటికి విడివిడిగా గడులున్నాయట. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఇన్నాళ్లకు నా సరుకు తూచే చోటు వచ్చింది. ఆమె ఫోనులో చాలాసేపు వెతికింది.

"పిల్లికుంది మావయ్యా. ఆవుకుంది. పందిక్కూడా ఉంది. ఎలుగుకి నేదు."

"నేదేటే! సరిగ్గా సూడు."

"పాలిచ్చే ఇతర జంతువులు అని ఒకటుంది. అందులో కలిపీసినారు."

నా సంగతి పోనీయండి, ఎలుగు తరఫున నాకు మనసు చివుక్కుమంది. పందికి దక్కిన మర్యాద దానికి దక్కలేదు.

"అది రక్కినప్పుడు నువ్వేటి సేస్తన్నావు?"

"నడుస్తన్నాను."

"కాళ్ల కింద ఏటున్నాది?"

"జీడిపళ్లు," అనేశాను.

ఆమె పెన్ను ఆగింది. "ముగ్గి రాలిన పళ్లా? మరి తోట సుట్టూ మొగలి డొంకే కదా. మొగలి ముళ్లు ఇలాగే గీస్తాయి. సిన్నప్పుడు నేనూ పడ్డాను."

నేను ఫ్యాను వైపు చూశాను.

"నాకేటి మావయ్యా, కాయితంలో ఎలుగంటే ఎలుగే వేస్తాను. మా మేడం అంటాది, రాసిందే జరిగినట్టు, రాయనిది జరగనట్టు అని. రేపు సూది మాత్రం నీకే వేస్తారు."

సూది అనగానే నా ధైర్యం పిండికట్టులోకి దూరింది. పండు మీద కాలేశాను, జారాను, డొంకలో పడ్డాను అని ఒప్పేసుకున్నాను. సాక్షి ఒక మేక.

"దీనికి గడుందేటి?"

"సక్కగా ఉన్నాది. సదునైన నేల మీద జారి పడుట."

అంత చప్పటి వాక్యం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. "కనీసం గట్టు మీంచి అని రాయకూడదేటే?"

"నువ్వు సెప్పింది నేను రాయకూడదు. డాక్టరు రాసిందే సూడాల. మార్చాలంటే ఆయనే మార్చాల. రేపు పద."

మర్నాడు తనే నా పక్కన నిలబడింది. డాక్టరుగారు మొత్తం విని కళ్లజోడు తీశారు.

"సూదికి భయపడి చెబుతున్నారా, నిజమేనా?"

"రెండూనండి," అన్నాను.

మేక గాని కొరికిందా అని కూడా విడిచిపెట్టకుండా అడిగి, గీరలు మళ్లీ చూసి, సూదులు చాలించారు. కాని కేసు షీటులో రాసింది చెరపకూడదట. పాతది కనిపించేలా ఒకే ఒక్క గీత గీసి, పక్కన అసలు సంగతి రాసి, సంతకం పెట్టి తేదీ వేశారు. మేనకోడలు క్లాసు కోసం దాన్ని జెరాక్సు తీయించింది. నేనూ ఒకటి తీయించుకున్నాను.

అది ఇప్పుడు నా జేబులో ఉంది. వీధిలో ఎవరైనా అనుమానంగా చూస్తే, పక్కన రాసినదాని మీద బొటనవేలు అడ్డంపెట్టి చూపిస్తాను. గీత కింద ఎలుగు దర్జాగా కనిపిస్తుంది. ఆ గీతేమిటని అడిగితే, దాని గోరు తగిలిందంటాను.