గేటు ముందు ఏనుగుపిల్ల

బాగేపల్లి టాకీసు గేటు దగ్గర మునినారాయణ కర్ర పట్టుకుని నిలబడితే టికెట్ లేని ఈగ కూడా లోపలికి పోదంటారు. ఎన్నో ఏళ్లుగా అభిమానుల తోపులాటలు చూసి రాటుదేలిన మనిషి. అలాంటివాడు ఆ శుక్రవారం దిమ్మెరపోయాడు.

ఆ రోజు రెండు సినిమాల విడుదల. ఒకటి పెద్ద హీరోది, నరుకుడు ఎక్కువని పిల్లలను రానివ్వరు. రెండోది పిల్లల కోసం తీసిన ఏనుగుపిల్ల బొమ్మల సినిమా. ఉన్నది ఒక్కటే తెర. యజమాని పొద్దుటి ఆట ఏనుగుపిల్లకిచ్చి, గేటు ముందు దాని కటౌట్ పెట్టించాడు.

మిట్టేమరి నుంచి ట్రాక్టర్లో పిల్లలతో దిగిన ఆడవాళ్లు ఆ కటౌట్‌కు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు.

"అది సినిమా బొమ్మమ్మా, దేవుడు కాదు!" అని మునినారాయణ మొత్తుకున్నాడు.

"ఏనుగు మొగం ఉండాది గదప్పా, ఇంకేం గావాల?" అంటూ వాళ్లలో అంబిక అనే ఆమె కర్పూరం వెలిగించింది.

అంతలో అభిమాన సంఘం అమరేష్ గుంపుతో ఊడిపడ్డాడు. "మా హీరో నిలబడే చోట ఏనుగేంది? పీకి పారేయండ్రా!"

గొడవ తప్పదని మునినారాయణ కర్ర బిగించాడు. అమరేష్ కటౌట్ మీద చెయ్యి వేయబోయి, కర్పూరం చూసి ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు. హీరో కోసం తెచ్చిన పూలదండ ఏనుగుపిల్ల మెడలో వేసి, కళ్లకద్దుకున్నాడు.

మునినారాయణ చేతిలోని కర్ర జారి కిందపడింది.